వంద శాతం అంటే ఎవరిలో వంద?

పదో తరగతి ఫలితాలు వచ్చిన నెల కదా, ఈసారి ఉత్తరాలన్నీ ఒకటే అడిగాయి: ఏ బడి మంచిది? వాటిలో తిరుపతి, చిత్తూరు వైపువే జాస్తి. ముప్పై ఒక్కేళ్లు లెక్కల టీచరుగా, అందులో చివరి తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా ఆ రెండు ఊళ్ల చుట్టూనే బదిలీల మీద తిరిగినదాన్ని. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని దాదాపు అందరూ రాశారు, వెయ్యలేదు. బడుల పేర్లు నేనే కొట్టేశాను.

మేడమ్ గారికి నమస్కారం. మేము పీలేరు దగ్గర పల్లె నుంచి తిరుపతికి వచ్చి ఐదు నెలలైంది. కొర్లగుంటలో అద్దెకున్నాం. మా ఆయన కొండకు జీపు తోలతారు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో పని చేస్తాను. పాప ఎనిమిదిలోకి వచ్చింది. నడిచే దూరంలో రెండు సర్కారు హైస్కూళ్లున్నాయి. ఒకదాని గేటుకు 96 శాతం అని ఫ్లెక్సీ కట్టారు. రెండోదానికి 71 అంట, ఫ్లెక్సీ కూడా లేదు. రెండో బడిలో అంతా కాలనీ పిలకాయలే, చేర్చొద్దు అంటోంది మా ఓనరమ్మ. ఎందులో చేర్చమంటారు?
— ఒక తల్లి, తిరుపతి

అమ్మా, ముందు ఆ ఫ్లెక్సీ సంగతి చూద్దాం. ఓనరమ్మ సంగతి తర్వాత.

నూటికి తొంభై ఆరు అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ నూరుగురు ఎవరన్నది మాత్రం ఫ్లెక్సీ మీద ఉండదు. లెక్క కోసం ఇలా అనుకుందాం. మొదటి బడిలో ఈ ఏడు పది రాసినవాళ్లు 50 మంది, పాసైనవాళ్లు 48. అదీ 96 శాతం. రెండో బడిలో 100 మంది రాస్తే 71 మంది పాసయ్యారు. ఇప్పుడు రెండేళ్లు వెనక్కి పోండి. ఇదే బ్యాచ్ ఎనిమిదిలో ఉన్నప్పుడు మొదటి బడిలో 70 మంది, రెండోదాంట్లో 95 మంది ఉన్నారనుకోండి. ఎనిమిదిలో చేతికొచ్చిన పిల్లల్లో పది గట్టెక్కినవాళ్లు మొదటి బడిలో 70కి 48, అంటే 69 శాతం. రెండో బడిలో 95కి 71, అంటే 75. ఫ్లెక్సీ లేని బడే ముందుకొచ్చింది. రెండో బడిలో పాసైనవాళ్లలో మధ్యలో వచ్చి చేరినవాళ్లూ ఉంటారు కాబట్టి ఇది కాటా మీద తూచినంత కచ్చితమైన లెక్క కాదు. అయినా ఫ్లెక్సీ కన్నా నయం.

మధ్యలో ఆ ఇరవై మంది ఏమైనట్టు? కొందరు ఇల్లు మారి ఉంటారు. తిరుపతిలో అది మామూలే, అద్దె పెంచితే జీవకోన నుంచి మంగళానికి, అక్కడా పెరిగితే రేణిగుంట రోడ్డుకు. కొందరికి గురుకులంలో సీటు వచ్చి ఉంటుంది. ఇంకొందరిని మాత్రం బడే సాగనంపి ఉంటుంది. ఇది నాకు ఎవరో చెప్పిన మాట కాదు, నేను చేసిన పనే.

నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న ఒక బడిలో ఒక ఏడు వంద శాతం తెచ్చి తీరాలని పంతం పట్టాం. అప్పుడు తొమ్మిదిలో ఒక పిల్లవాడుండేవాడు. లెక్కల్లో ఎప్పుడూ పది మార్కులు దాటలేదు. వారంలో రెండు రోజులు కనబడేవాడు కాదు. ఏప్రిల్‌లో వాళ్ల నాయన్ని పిలిపించాను. ఆయన గది బయట చెప్పులు విడిచి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఇక్కడైతే వాడికి కష్టమప్పా. మీ ఊరికి దగ్గర్లో ఇంకో బడి ఉంది కదా, టీసీ ఇస్తాను, అక్కడైతే వాడికి సులువు" అన్నాను. "మీరెట్లంటే అట్లే మేడమ్" అన్నాడాయన. స్టాంపు ప్యాడ్ నేనే ముందుకు జరిపాను. వేలిముద్ర వేసి, ఆ వేలు తలకు తుడుచుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు మాకు వంద వచ్చింది, నాకు శాలువా కప్పారు. నాలుగేళ్ల తర్వాత చిత్తూరు మామిడి మండీలో కాటా దగ్గర ఆ పిల్లవాడే కనబడ్డాడు. నా సంచిలో రెండు కాయలు ఊరికే వేసి, "మేడమ్, ఆ ఏడు మనకు వంద వచ్చిందంట కదా" అన్నాడు. మనకు అన్నాడు. పది ఎక్కడ రాశావురా అని అడిగితే, ఎక్కడా రాయలేదన్నాడు.

కాబట్టి ఫ్లెక్సీలు కట్టేవాళ్లంతా దొంగలని చెప్పబోవడం లేదు. నిజంగా చెమటోడ్చి తెచ్చినవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. కానీ 96 అన్న అంకె ఒక్కటి చూసి ఏది ఏ రకమో చెప్పలేం.

ఇంకో చిక్కు. కొన్ని సర్కారు బడులు పిల్లల్ని ఏరుకుంటాయి. మోడల్ స్కూలుకు ఆరో తరగతిలో, గురుకులాలకు ఐదో తరగతిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. మీ పక్కనున్న జిల్లా పరిషత్ బడికీ, మున్సిపల్ బడికీ ఆ వీలు లేదు, ఎవరొచ్చినా చేర్చుకోవలసిందే. ఫలితాల రోజు పేపర్లో ఇవన్నీ ఒకే పట్టికలో వరసగా పడతాయి. ఏరిన బియ్యం, ఏరని బియ్యం పక్కపక్కన వండి ఏ అన్నంలో రాళ్లున్నాయో చూడమన్నట్టు ఉంటుంది ఆ పట్టిక.

ఇక కాలనీ పిలకాయలు. తిరుపతిలో సర్కారు బడికి వచ్చేది ఎవరమ్మా? లాడ్జిల్లో దుప్పట్లు మార్చేవాళ్ల పిల్లలు, హోటల్లో టేబుళ్లు తుడిచేవాళ్ల పిల్లలు, పూలు కట్టేవాళ్లు, జీపులు తోలేవాళ్లు, అపార్ట్‌మెంట్ల కింద వాచ్‌మన్ గదుల్లో ఉండేవాళ్లు. యాత్రికుల ఊరు, పనికి రాత్రీ పగలూ లేదు. తల్లి నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి బడి గంట కొట్టేస్తారు. అలాంటి ఇంట్లో పెద్దపిల్ల తమ్ముడికి జుట్టు దువ్వి, అన్నం పెట్టి, తను తొమ్మిదింటికి బడి చేరిందంటే అప్పటికే ఒక పరీక్ష పాసయినట్టు. ఆ పిల్లకు 35 మార్కులు తెప్పించిన టీచరూ, ఇంట్లో ట్యూషన్ చెప్పించే పిల్లకు 60 తెప్పించిన టీచరూ, ఎవరి పని ఎక్కువో మీరే చెప్పండి. మీ ఓనరమ్మ లెక్కలో మీ పాప ఏ పిలకాయల కిందికి వస్తుందో కూడా వీలైతే ఒకసారి అడిగి చూడండి.

మీకు సెలవున్న రోజు రెండు బడులకూ వెళ్లండి, తొమ్మిదింటికే. ఎనిమిదో తరగతికి లెక్కలు, సైన్సు ఇప్పుడు ఎవరు చెబుతున్నారో అడగండి. పోస్టు ఖాళీగా ఉంటే పోయిన ఏడాది ఫలితంతో మీకేం పని? ఆడపిల్లల బాత్రూములో నీళ్లొస్తున్నాయా, తలుపుకు గడియ పడుతుందా చూడండి. పదమూడేళ్ల పిల్ల బడి మానేయడానికి అదొక్కటి చాలు. తర్వాత హెడ్ మాస్టర్ని ఒకే ప్రశ్న అడగండి: చదవడం రాని పిల్లలకు మీరేం చేస్తున్నారు సార్? "మా దగ్గర అలాంటివాళ్లు లేరమ్మా" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఈ సెక్షన్లో పద్దెనిమిది మంది ఉన్నారు, సాయంత్రం గంటసేపు కూర్చోబెడుతున్నాం" అని అంకెతో సహా చెబితే, అక్కడ చేర్చండి.

నన్ను ఇప్పుడే తేల్చమంటే, లెక్కల టీచరూ గడియా రెండూ ఉంటే రెండో బడే.

మేడమ్, నేను చిత్తూరులో ఆటో తోలతాను. పిల్లలిద్దరూ ప్రైవేటులో మూడు, ఐదు చదువుతున్నారు. ఫీజు తట్టుకోలేక సర్కారు బడికి మారుద్దామనుకుంటున్నా. ఏ బడి వివరమైనా ఫోన్లోనే చూడొచ్చని మా స్టాండులో ఒకతను చెప్పాడు. నిజమేనా? చూస్తే అందులో ఏం చూడాలి?
— మురకంబట్టు, చిత్తూరు

నిజమే తమ్ముడూ. యూడైస్ ప్లస్ అని కేంద్ర విద్యాశాఖ నడిపే వెబ్‌సైటు ఉంది. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఇచ్చారు. మన రాష్ట్రానిది 28తో మొదలవుతుంది, ఆ తర్వాత జిల్లా, మండలం, ఊరు, చివరి రెండంకెలు బడివి. కోడ్ బడి ఆఫీసులో అడిగితే చెబుతారు. అది కొడితే ఆ బడి రిపోర్టు కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఎస్సీ, ఎస్టీ, బీసీ ఎందరు, టీచర్లు ఎందరు, గదులెన్ని, నీళ్లు, కరెంటు, బాత్రూములు. మార్కులు మాత్రం అందులో వెతకొద్దు, అవి ఉండవు.

ఒక్క ఏడాది కార్డు చూసి ఊరుకోకుండా మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ఒక ఏడు మూడులో ఉన్న పిల్లలు మరుసటి ఏడు నాలుగులో ఉన్నారా లేరా, వేలితో ఏటవాలుగా కిందికి జరుపుకుంటూ పొండి. తగ్గుతున్నారంటే ఎందుకని అడగొచ్చు. కానీ తొందరపడి తిట్టొద్దు. 2022లో మన రాష్ట్రంలో 117 జీవో పేరుతో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ప్రాథమిక బడి నుంచి తీసి హైస్కూల్లో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి మళ్లీ సర్దారు. ఆ ఏళ్లలో ఒక బడిలో పిల్లలు సగమయ్యారంటే తల్లిదండ్రులు విసిగి మాన్పించారని కాదు, తరగతులే ఎత్తుకుపోయారు. పక్కన హైస్కూలు ఒక్కసారిగా పెరిగిపోయిందంటే అదీ అంతే.

టీచరుకు ఎంతమంది పిల్లలు అన్న అంకె దగ్గర మోసపోతారు, జాగ్రత్త. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరు ఉండాలి, అరవై మంది వరకు ఇద్దరు. ఒక బడిలో 34 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు అనుకోండి. ఒక్కొక్కరికి 17 మంది, కాగితం మీద కార్పొరేట్ స్కూలు కూడా పనికిరాదు దాని ముందు. లోపలికి పోయి చూస్తే ఐదు తరగతులు, రెండు గదులు. ఒకే టీచరు ఒకటో తరగతికి అ ఆలు దిద్దిస్తూ, అదే గదిలో రెండోవాళ్లకు కూడికలు ఇచ్చి, మూడోవాళ్లను నిశ్శబ్దంగా ఉండమని బతిమాలుతుంటుంది. అందులో ఒకరు ట్రైనింగుకో, ఆన్‌లైన్లో ఏదో ఎక్కించడానికో పోతే ఆ రోజు ఒకరే ఐదు తరగతులకూ. కాబట్టి మీవాళ్లకు తరగతికొక టీచరు ఉన్న బడి కాస్త దూరమైనా నయం. ఆటో మీదే కదా.

చిన్న బడి శాతాల్ని అసలు పట్టించుకోవద్దు. పన్నెండు మంది ఉన్న తరగతిలో ఒక పిల్ల జ్వరంతో పరీక్ష తప్పితే శాతం ఎనిమిది పడిపోతుంది. నూట ఇరవై మంది ఉన్నచోట అదే పిల్ల తప్పితే ఒక్క శాతం కూడా తగ్గదు.

ఇవన్నీ కాక, ఒక పని ఇంట్లోనే చేయొచ్చు. అసర్ అని 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే ఉంది. వాళ్లు పెద్ద పరీక్ష ఏమీ పెట్టరు. ముందు నాలుగు వాక్యాల పేరా చేతికిచ్చి చదవమంటారు, అది వస్తే రెండో తరగతి స్థాయి చిన్న కథ, రాకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. లెక్కల్లో తీసివేతలు, ఒక భాగహారం. మీ ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చి, ఇంతకుముందు చూడని పాఠం చదివించండి. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. ఇన్నేళ్లూ కట్టిన ఫీజుకు ఏమొచ్చిందో ముందు అది తెలుస్తుంది. బడి మార్చాక ఆర్నెల్లకు మళ్లీ అదే చేయండి. తేడా కనబడాలి.

మేడమ్, నేను చిత్తూరు జిల్లాలో మామిడి తోటల మధ్య ఉన్న ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. డీఎస్సీలో వచ్చి నాలుగేళ్లైంది. ప్రతి మీటింగులోనూ బడుల ఫలితాల్ని స్క్రీన్ మీద వరసగా వేస్తారు, మాది ఎప్పుడూ కింది నుంచి రెండో మూడో. పక్క మండలంతో పోల్చి అందరి ముందూ నిలబెడతారు. నెల రోజుల ముందు నుంచే టెన్షన్. మేం పనిచెయ్యడం లేదా అని నాకే అనుమానం వస్తోంది.
— ఒక టీచరమ్మ

అమ్మాయీ, ఆ స్క్రీన్ ముందు నేనూ నిలబడ్డాను. ఆ రోజు వేసుకున్న చీర రంగు కూడా గుర్తుంది.

మీ బడి సంగతి నాకు తెలియదు కానీ అలాంటి బడి సంగతి తెలుసు. జూన్ 12న బడి తెరుస్తాం. సరిగ్గా అప్పుడే తోతాపురి కోతకొస్తుంది. జ్యూస్ ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడుస్తాయి, గేటు ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి లైను కడతాయి. తండ్రి ట్రాక్టరు మీద, తల్లి ఫ్యాక్టరీలో. బడిలో జూలై పదిహేను దాకా పాఠం ఎవరికి చెప్పాలి? నా ఎనిమిదో తరగతిలో ఒక ఆడపిల్ల రెండేళ్ల తమ్ముణ్ణి చంకన వేసుకుని వచ్చేది. వాడు డెస్కు కింద చాక్‌పీసు నములుతూ ఉండేవాడు. పక్క వరసలో ఒక పిల్లవాడు నోట్సు రాస్తూ మాటిమాటికీ చొక్కా చేతిని కిందికి లాక్కునేవాడు. ఏమిటా అని పట్టుకుని చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా సొన కాలిన మచ్చలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన అది, తోటలు లేని ఊరివాళ్లకు దాని మంట తెలియదు. కాయలు దింపడానికి పోయావా అంటే "లేదు మేడమ్, ఆదివారమే" అన్నాడు. ఆ వారంలో వాడు మూడు రోజులు రాలేదు.

సరే, ఇది సాకు అంటారు మీటింగులో. నాకూ అన్నారు. కాబట్టి ఏడుపు మాని లెక్కతో పో.

మొదటిది, వాళ్లు పోల్చే ఏళ్లే ఒకదానితో ఒకటి పోలవు. 2019లో మన రాష్ట్రంలో పది ఉత్తీర్ణత 94.88 శాతం. 2022లో 67.26. మూడేళ్లలో టీచర్లంతా ఒక్కసారి చదువు చెప్పడం మరిచిపోయారా? 2019లో సబ్జెక్టుకు ఇరవై మార్కులు బడిలోనే వేసేవాళ్లం. తర్వాత ఆ ఇరవై తీసేశారు. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షలే లేవు. 2022లో రాసిన పిల్లలు ఎనిమిది చివర్లో ఇంటికి పోయి, తొమ్మిది సగం సగం చదివినవాళ్లు. తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఇంతగా ఊగే అంకెల మీద ఒక్క బడిని ఉరితీస్తే ఎలా? ఏ ఏడాదికి ఆ ఏడాది మీ బడి రాష్ట్ర సగటుకు ఎంత కిందుంది, ఆ దూరం తగ్గుతోందా పెరుగుతోందా, అది చూపించు.

రెండోది, జిల్లా పేరు పెట్టి పాత కొత్త లెక్కలు పోల్చేవాళ్లు ఇంకా ఉన్నారు. 66 మండలాల పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న మూడు ముక్కలైంది. తిరుపతి వేరే జిల్లా అయి నెల్లూరు వైపు నుంచి గూడూరు, సూళ్లూరుపేటలను కలుపుకుంది. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. తిరుపతి లాంటి ఊరు పోయాక మిగిలిన చిత్తూరు అంకె, పాత చిత్తూరు అంకె ఒకే మనిషివి కావు. పేరొక్కటే కలిసింది.

మూడోది, ఇదే అసలుది, నీ సొంత పట్టిక. ఆరులో చేరిన రోజే ప్రతి పిల్లనూ చదివించు, పైన ఆటో తమ్ముడికి చెప్పిన పద్ధతిలోనే. ఎవరు కథ చదివారు, ఎవరు పదాల దగ్గర ఆగారు, రాసి పెట్టుకో. పక్కనే రెండు గళ్లు గీయి. ఒకటి, ఇంట్లో మాట్లాడేది ఏ భాష. కుప్పం, నగరి వైపు అరవం, చిత్తూరు, పలమనేరులో ఉర్దూ, తండాల్లో సుగాలి. ఇంట్లో ఒకటి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అంటే పదకొండేళ్ల పిల్లకు మూడు మెట్లు. రెండో గడి, జూన్, జూలైల్లో ఎన్ని రోజులు వచ్చింది. ఏడాది చివర మళ్లీ చదివించి పక్కన రాయి. సోషల్ టీచరుకు ఇదెందుకని నీ స్టాఫ్ రూములోనే ఎవరో ఒకరు అంటారు, అననీ.

నేను చివరి మూడేళ్లు ఆ పట్టిక పెట్టుకునే మీటింగుకు పోయాను. మొదటి ఏడాది ఎవరూ చూడలేదు. రెండో ఏడు ఒక అధికారి ఫోటో తీసుకున్నాడు. మూడో ఏడు కూడా మా బడి కింది నుంచి నాలుగోదే. కానీ నాలుగో తరగతి పుస్తకం చదవలేని పిల్ల ఆ ఏడు మా ఏడో తరగతిలో ఒక్కతే మిగిలింది. ఆ పిల్లకు కళ్లు కనబడవని అప్పుడు తెలిసింది, అద్దాలు పెట్టించాం. పట్టిక లేకపోతే అదీ తెలిసేది కాదు.

నీకు పనిచేతకాదా అన్న అనుమానానికి నా దగ్గర మందు లేదు. రిటైరయ్యాక కూడా నాకు పోలేదు.

రెండు నెలల కింద మీ జవాబులో బడుల్ని పోల్చేటప్పుడు కులాల వారీ లెక్క కూడా చూడాలని రాశారు. బడిలోకి కులాన్ని తేవడం మీలాంటి పెద్దలకు తగునా? పిల్లలంతా పిల్లలే కదా.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు

అయ్యా, నేను తేలేదు. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అక్కడ ఉంది, వెనక బెంచీలో కూర్చుని.

శ్రీకాళహస్తి వైపు ఒక బడిలో పనిచేసినప్పుడు మా హాజరు సగటు చాలా బాగుండేది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుని పోయేవాళ్లు. ఒకరోజు ఊసుపోక ఆ రిజిస్టర్నే కాలమ్‌ల వారీగా విడగొట్టి చూశాను. చెరువు కట్ట కింది యానాది కాలనీ నుంచి ఆరో తరగతిలో తొమ్మిది మంది. ఏడులో ఐదుగురు. ఎనిమిదిలో ఇద్దరు. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కరూ లేరు. మొత్తం మీద వీళ్లు కొద్దిమందే కాబట్టి వాళ్లు రాకపోయినా సగటు కదలలేదు. సంక్రాంతి దాటగానే ఇటుక బట్టీలకు కుటుంబాలతో సహా పోతారు. తిరిగొచ్చేసరికి పరీక్షలైపోతాయి. రిజిస్టర్లో వాళ్ల పేర్లు ఎర్ర ఇంకుతో చివరికి చేరేవి, ఆ పేర్ల పక్కన లాంగ్ ఆబ్సెంట్ అని రాసిన చేతిరాతల్లో నాదీ ఒకటి.

పిల్లలంతా పిల్లలే అని మీరన్నది నిజం. అందుకే ఆ తొమ్మిది మందినీ విడిగా లెక్కపెట్టాను. ఆడపిల్లల కాలమ్ వేరుగా ఉంటే మీకేం అభ్యంతరం లేదు కదా, ఇదీ అలాంటిదే. యూడైస్‌లో ఆ కాలమ్‌లు ఎవరో ఒకరిని దూరం పెట్టడానికి పెట్టినవి కావు. అయితే ఒక మాట ఒప్పుకుంటాను. ఆ అంకె చూసి "ఈ బడిలో వాళ్లే ఎక్కువంట" అని పిల్లల్ని తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు. పై ఉత్తరంలో ఓనరమ్మ ఉంది చూడండి. ఆమె చేతిలో అదే అంకె ఇంకో పనికొస్తుంది. దానికి కాలమ్ తీసేస్తే సరిపోతుందా, ఓనరమ్మతో మాట్లాడాలా? నేను రెండోదే అంటాను.

మా అమ్మాయి చదివే ప్రైవేటు స్కూల్లో ఈ ఏడు ఒకరికి 600కు 590కి పైన వచ్చాయి. ఊరంతా హోర్డింగులే. దానికన్నా సర్కారు బడి మంచిదని ఎలా అంటారు?
— తిరుపతి

నేను అనలేదు. ఆ ఒక్క పిల్ల బాగా చదివింది, సంతోషం. ఆమె అమ్మానాన్నలు ఏం చేస్తారో, ఆరో తరగతిలో ఆమెను ఏ పరీక్ష పెట్టి చేర్చుకున్నారో హోర్డింగు మీద వేశారా? మన పాసు మార్కు 35, హిందీలో 20. పాసు శాతంలో 35 వచ్చిన పిల్లా, 99 వచ్చిన పిల్లా ఒకటే. హోర్డింగు మీద 99 పిల్ల ఒక్కతే ఉంటుంది. రెండింట్లోనూ మధ్యలో ఉన్న మీ అమ్మాయి కనబడదు. ఆ బడిలో ఈ ఏడు పది రాసినవాళ్లు ఎందరు, వాళ్ల మార్కుల్ని పై నుంచి కిందికి పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే మార్కు ఎంత, అడగండి. చెబితే నాకూ ఒక ముక్క రాయండి, వచ్చే నెల వేస్తాను.